సెల్ఫీ దిగాక మిగిలేదేమిటి? క్యాంపస్ సభలు, రాజకీయ ఇంటర్న్‌షిప్‌ల అసలు లెక్క

రాజకీయ కుటుంబ నేపథ్యం లేని లక్ష మంది యువతీయువకులు ప్రజా జీవితంలోకి రావాలని 2024 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని మోదీ పిలుపునిచ్చారు. బాగానే ఉంది. రావాలంటే ఏ తలుపు తట్టాలి? అనంతపురంలో డిగ్రీ చదివే అమ్మాయికైనా, నిజామాబాద్‌లో పీజీ చేసే అబ్బాయికైనా రాజకీయం కాస్త దగ్గరగా కనిపించేది రెండు సందర్భాల్లో. ఎవరో ఒక నాయకుడు క్యాంపస్‌కు వచ్చినప్పుడు ఒకసారి, వాట్సాప్‌ గ్రూపులో ‘పొలిటికల్ ఇంటర్న్‌షిప్, వెంటనే అప్లై చేయండి’ అనే పోస్టర్ తిరిగినప్పుడు ఇంకోసారి. మొదటిదాన్ని తమాషాగా చూసి వదిలేస్తారు. రెండోదాన్ని ఉద్యోగానికి తొలి మెట్టు అనుకుంటారు. నా ఉద్దేశంలో ఈ రెండు అంచనాలూ తప్పే.

ముందు సభల సంగతి. క్యాంపస్‌లో నాయకుడు మాట్లాడుతున్నాడంటే మొదట చూడాల్సింది పిలిచింది ఎవరని. యూనివర్సిటీయే పిలిస్తే అది ప్రభుత్వ కార్యక్రమం కిందికి వస్తుంది. శంకుస్థాపన, స్నాతకోత్సవం, భవన ప్రారంభం లాంటివి. ప్రొటోకాల్ ఉంటుంది, ముందు వరుసలో అధికారులుంటారు, ప్రశ్నలుండవు. డిపార్ట్‌మెంట్ పిలిస్తే స్మారకోపన్యాసమో, సెమినారో అవుతుంది. జనం తక్కువ, సమయం ఎక్కువ. విద్యార్థి సంఘం పిలిస్తే ఆ సంఘానికి అనుబంధ పార్టీ ఉంటుంది కాబట్టి, వచ్చే నాయకుడు ఎవరో కరపత్రం చూడకుండానే చెప్పొచ్చు. ఒకే హాలు, ఒకే మైకు అయినా ఈ మూడింటికీ పోలికే లేదు.

ఉస్మానియా ఉదాహరణే చూడండి. 2022 మేలో రాహుల్ గాంధీ క్యాంపస్‌లో విద్యార్థులతో మాట్లాడతారని కాంగ్రెస్ అనుబంధ సంఘం అనుమతి అడిగింది. క్యాంపస్‌లో రాజకీయ కార్యక్రమాలకు చోటివ్వకూడదని 2021లో చేసుకున్న తీర్మానాన్ని చూపించి యూనివర్సిటీ కాదన్నది. నిరసనకు దిగిన విద్యార్థి నాయకులు అరెస్టయ్యారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి మే 7న రాహుల్ ఆ విద్యార్థులను కలిసింది ఆర్ట్స్ కాలేజీ ముందు కాదు, చంచల్‌గూడ జైల్లో. మూడేళ్లు గడిచాయి, ప్రభుత్వం మారింది. 2025 మార్చిలో అదే యూనివర్సిటీ విభాగాల్లో, పరిపాలనా భవనాల్లో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చింది. ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వచ్చి హాస్టల్ భవనాలు ప్రారంభించి విద్యార్థులనుద్దేశించి ప్రసంగించారు. ఇందులో ఏ పార్టీనీ ప్రత్యేకంగా తప్పుపట్టాల్సిన పని లేదు. అధికారంలో ఎవరుంటే వారిది ‘అధికారిక కార్యక్రమం’, ప్రతిపక్షంలో ఉన్నవారిది ‘రాజకీయ కార్యక్రమం’. క్యాంపస్ నిబంధనలన్నీ ఈ ఒక్క తేడా మీదే నడుస్తున్నాయి.

దీని వెనక పాత కథ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల జరుగుతున్నాయి గానీ ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో లేవు. ఎస్. జైపాల్ రెడ్డి ఉస్మానియాలో, వెంకయ్య నాయుడు ఆంధ్రా యూనివర్సిటీలో విద్యార్థి నాయకులుగా ఎన్నికై వచ్చినవాళ్లే. ఆ దారి మూసేశాక క్యాంపస్‌లో రాజకీయం పోలేదు, ఎన్నిక మాత్రమే పోయింది. సంఘాలు మిగిలాయి, వాటికి పార్టీలు మిగిలాయి. ఎవరిని పిలవాలి, ఎవరిని ప్రశ్నించాలి అని విద్యార్థులందరి తరఫున నిర్ణయించే హక్కున్నవాడు లేకుండా పోయాడు. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫారసులు అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, ఎన్నికలను పార్టీలకు దూరంగా ఉంచాలని చెప్పాయి. మన దగ్గర ఎన్నికలే లేవు కాబట్టి ఆ పరిమితిని ఉల్లంఘించే అవకాశమూ రాలేదు!

విదేశీ సభలకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. 2017 ఫిబ్రవరిలో పవన్ కల్యాణ్ హార్వర్డ్‌లో మాట్లాడినప్పుడు మన టీవీల్లో ‘హార్వర్డ్ ఆహ్వానం’ అని మోగిపోయింది. ఆయన మాట్లాడింది ఇండియా కాన్ఫరెన్స్‌లో. అది అక్కడి విద్యార్థులు ఏటా నిర్వహించుకునే సదస్సు. అన్ని పార్టీల నాయకులూ, సినిమావాళ్లూ, వ్యాపారులూ దానికి వెళ్తుంటారు. ఇందువల్ల ఆయన విలువేమీ తగ్గదు. నేర్చుకోవాల్సిందల్లా ఒకటే. అక్కడ అతిథిని ఎంచుకునేది, స్పాన్సర్‌ను వెతికేది, వేదిక మీద ప్రశ్న అడిగే మనిషిని నిర్ణయించేది ఇరవై మూడు, ఇరవై ఐదేళ్ల పిల్లలు. మన కాలేజీల్లో ఆ పని యాజమాన్యానిది, విద్యార్థి పని కుర్చీలు సర్దడం, శాలువా అందించడం. ముఖ్యమంత్రి సభ అయితే ఇంకా సులువు, కాలేజీ బస్సు ఎక్కితే హాజరు పడుతుంది.

అయినా సభకు వెళ్లాలనే నేను అంటాను, ఒక ప్రశ్న జేబులో పెట్టుకుని. ‘సార్, యువతకు మీరిచ్చే సందేశం?’ అనేది నాయకుడికి మనం ఇచ్చే కానుక. పది నిమిషాలు ఆయన కలాం గారి గురించి, కలల గురించి మాట్లాడి కూర్చుంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌నే తీసుకోండి. ‘బకాయిలు ఎప్పుడిస్తారు?’ అంటే ‘త్వరలో’ అని జవాబొస్తుంది. ‘మా కాలేజీకి ఫలానా విద్యా సంవత్సరానికి టోకెన్లు ఇచ్చారు, డబ్బు పడలేదు. టోకెన్ ఇచ్చాక ఎన్ని రోజుల్లో విడుదల చేయాలనే గడువు ఏదైనా ఉందా?’ అని అడిగితే ‘త్వరలో’ అనడం కష్టం. టోకెన్ అంటే బిల్లు మంజూరైనట్టు చూపించే నంబరు, అంతే. ఖజానా నుంచి డబ్బు కదిలితే తప్ప దానితో కాలేజీకి ఒరిగేదేమీ లేదు. ఈ చిన్న తేడా తెలిసి అడిగిన విద్యార్థిని నాయకుడు గుర్తుపెట్టుకోకపోవచ్చు. ఆయన పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ పీఏ మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. రాజకీయాల్లో ఎక్కువ తలుపులు తెరిచేది ఆయనే.

ఇక ఇంటర్న్‌షిప్‌లు. ఈ ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. చట్టసభ సభ్యుడి దగ్గర పరిశోధన చేయడం, ప్రభుత్వ శాఖలో పనిచేయడం, పార్టీ ఆఫీసులో ఉండటం, ఎన్నికల వ్యూహ సంస్థలో చేరడం. దేశంలో అన్నిటికంటే తక్కువ మందికి దొరికేది మొదటిది. నిజంగా చేతికి పని నేర్పేదీ అదే.

ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి ల్యాంప్ ఫెలోషిప్ నడుపుతోంది. డిగ్రీ పూర్తయి, పాతికేళ్లు దాటనివాళ్లను ఎంపిక చేసి ఒక్కొక్కరిని ఒక్కో ఎంపీకి సహాయకులుగా పంపుతారు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల ముగింపు దాకా, దాదాపు పదకొండు నెలలు. నెలకు 20 వేలకు పైగా స్టైపెండ్ ఉంటుంది. ఏటా ఎంపికయ్యేది యాభై మంది లోపే. ఇంజనీరింగ్ చదివినా, బీఏ చదివినా అడ్డు లేదు.

అక్కడ చేసే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోస్టర్లలో ఇది కనిపించదు. లోక్‌సభలో మంత్రిని ప్రశ్న అడగాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వచ్చిన నోటీసులను లాటరీ వేస్తారు. రోజుకు మౌఖిక జవాబు కోసం 20, రాతపూర్వక జవాబు కోసం 230 ప్రశ్నలు జాబితాలోకి ఎక్కుతాయి. ప్రశ్న సరిగా రాయకపోతే తిరస్కరిస్తారు, మెత్తగా రాస్తే ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని జవాబిస్తారు. కాబట్టి మంత్రి తప్పించుకోలేని ప్రశ్న రాయడం ఒక విద్య. ఫెలో పొద్దున రాసే మొదటి ముక్క అదే. తర్వాత జీరో అవర్‌లో (అత్యవసర విషయాలు ప్రస్తావించే సమయం) మాట్లాడటానికి చిన్న నోట్, బిల్లు మీద చర్చ ఉంటే నాలుగు పేజీల బ్రీఫ్, స్థాయీ సంఘం (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ) సమావేశం ఉంటే అధికారులను అడగాల్సిన ప్రశ్నలు, ఎంపీకి ఓపిక ఉంటే ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు ముసాయిదా. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి ప్రైవేటు బిల్లులు చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా రాస్తారు. తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. అది చట్టం కాకపోయినా ప్రభుత్వం ఆ విషయం మీద కదలక తప్పలేదు.

మరి ఇంత పని ఉన్నప్పుడు ఇంత తక్కువ మందే ఎందుకు? అమెరికాలో ప్రతినిధుల సభ సభ్యుడు ఒక్కొక్కరూ 18 మంది దాకా శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు. ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడానికే 2019 బడ్జెట్‌లో ఒక్కో ఆఫీసుకు 20 వేల డాలర్లు కేటాయించారు. మన ఎంపీకి 2018లో పెంచాక ఆఫీసు అలవెన్సు నెలకు 60,000 ఉండేది, అందులో సహాయకుడి జీతం కింద 40,000. ఆ డబ్బుతో వచ్చేది ఒక పీఏ. ఆయనకు ఫోన్లు ఎత్తడం, నియోజకవర్గం నుంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, తిరుమల దర్శనానికి సిఫారసు లేఖలు టైపు చేయడంతోనే పొద్దు గూకుతుంది. దర్శనం లేఖను తక్కువగా అంచనా వేయకండి. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలు తిరుమలలో చెల్లడం లేదని 2024లో రెండు రాష్ట్రాల మధ్య పెద్ద రగడే జరిగింది. బిల్లుల మీద అంత రగడ నేనెప్పుడూ చూడలేదు.

డబ్బు ఒక కారణం. అసలు కారణం 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం. పార్టీ విప్ జారీ చేస్తే అలాగే ఓటెయ్యాలి, లేదంటే సభ్యత్వం పోతుంది. ఎలా ఓటెయ్యాలో ముందే తేలిపోయినప్పుడు, బిల్లు చదివి అర్థం చేసుకోవడానికి ఎంపీ ఒక మనిషిని ఎందుకు పెట్టుకుంటాడు? పరిశోధన చేసే కుర్రాడి అవసరం అక్కడే సగం పోయింది. విప్ వర్తించని చోట్లే అతనికి చోటు మిగిలింది. ప్రశ్నోత్తరాలు, జీరో అవర్, స్థాయీ సంఘాలు అలాంటివే. పైగా 17వ లోక్‌సభ అయిదేళ్లలో సమావేశమైంది 274 రోజులు, అంటే ఏడాదికి సగటున 55 రోజులు. ఆ కాస్త సమయంలో కనిపించడానికి పోటీ పడే ఎంపీలే మంచి సహాయకుల కోసం వెతుకుతారు.

ప్రభుత్వ శాఖల ఇంటర్న్‌షిప్‌లు దీనికి పూర్తిగా వేరు. నీతి ఆయోగ్‌లో ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా చేయొచ్చు, పైసా ఇవ్వరు. ఢిల్లీలో గది అద్దె, తిండి కలిపితే ఇది ఎవరి పిల్లలకు అందుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రా భవన్ క్యాంటీన్ భోజనం ఎంత బాగున్నా రోజూ అక్కడే తిని నెల గడపలేం కదా. విదేశాంగ శాఖ ఈ విషయంలో మెరుగ్గా ఆలోచించింది. 2022లో తెచ్చిన విధానంలో నెలకు 10,000 రూపాయల భృతి పెట్టింది, రాష్ట్రాల వారీగా కోటా పెట్టింది, వెనకబడిన జిల్లాల విద్యార్థులకు ప్రాధాన్యం ఇచ్చింది, రానుపోను విమాన ఛార్జీ కూడా ఇస్తానంది. జిల్లా కాలేజీ నుంచి ఢిల్లీ చూడాలనుకునేవాళ్లు మొదట దీన్ని చూడాలి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని చాలామంది దీనితో కలిపేస్తున్నారు. అది పెద్ద కంపెనీల్లో చేసే ఇంటర్న్‌షిప్, మొదలైనప్పుడు భృతి నెలకు 5,000. రాజకీయంతో గానీ విధాన రూపకల్పనతో గానీ దానికి సంబంధం లేదు.

వాట్సాప్ పోస్టర్లలో ఎక్కువ భాగం మూడో, నాలుగో రకానివి. ఎన్నికల వ్యూహ సంస్థల సంస్కృతి మనకు కొత్తేమీ కాదు. ఐప్యాక్ 2017 నుంచి వైఎస్సార్‌సీపీ కోసం పనిచేసింది, ఇతర పార్టీలూ తమ తమ సంస్థలను పెట్టుకున్నాయి. ఐఐటీలు, న్యాయ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన కుర్రాళ్లు వీటిలో పనిచేస్తారు. బూత్ వారీ డేటా సర్దడం, సర్వేలు, కాల్ సెంటర్, రీల్స్, ‘ఫలానా మండలంలో ఫలానా కులం మూడ్ ఎలా ఉంది’ అనే రిపోర్టులు. జీతం బాగుంటుంది, నిద్ర ఉండదు, ఎన్నికలతో ఉద్యోగమూ అయిపోతుంది. 2024 మే 16న జగన్ విజయవాడలోని ఐప్యాక్ ఆఫీసుకు వెళ్లి ఈసారి 151 కంటే ఎక్కువ సీట్లు వస్తాయని ఆ టీమ్‌కు చెప్పారు. వచ్చినవి 11. ఓడినా గెలిచినా ఆ కుర్రాళ్లు తర్వాతి సీజన్‌లో ఇంకో రాష్ట్రంలో ఇంకో పార్టీకి పనిచేస్తారు. ఇందులో అనైతికం ఏమీ లేదు. వాళ్లు నేర్చుకుంటున్నది ఓటరును చదవడం, చట్టాన్ని చదవడం కాదు అని తెలిసి చేరితే చాలు.

పార్టీ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరేటప్పుడు ఇంకో సంగతి గమనించాలి, ముఖ్యంగా అమ్మాయిలు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం లేని వాలంటీర్లకు, ట్రైనీలకు కూడా వర్తిస్తుంది. కానీ సభ్యులతో పార్టీకి యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి ఫిర్యాదుల కమిటీ పెట్టాల్సిన బాధ్యత పార్టీలకు లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. 2025లో సుప్రీంకోర్టు దాన్ని మార్చడానికి నిరాకరించింది. అంటే నియామక పత్రం లేకుండా ‘రేపటి నుంచి వచ్చేయమ్మా’ అన్న చోట, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలో తెలియని పరిస్థితి. లెటర్‌హెడ్ మీద పేరు, పని, గడువు రాయించుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి మరో మెలిక ఉంది. 2020లో మారిన సిలబస్ ప్రకారం డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆపై ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, అన్నీ కలిపి పది నెలలు తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే. అంతమందికి అన్ని చోట్లు ఎక్కడున్నాయి? లేకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు, డబ్బిస్తే సర్టిఫికెట్ ఇచ్చే దుకాణాలు వెలిశాయి. పొలిటికల్ సైన్స్ విద్యార్థి కోడింగ్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చి సమర్పిస్తున్నాడు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఊళ్లో సర్వే చేసిన పిల్లల దగ్గర మంచి సమాచారమే ఉంటుంది, అది కాలేజీ బీరువాలోకి వెళ్లి ఆగిపోతుంది.

అమెరికాలో చదివే మనవాళ్ల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయినప్పటి నుంచి తెలుగు సంఘాల సభలకు నాయకులు రావడం, విద్యార్థులు ప్రచారంలో తిరగడం మరింత కనిపిస్తోంది. గ్రీన్ కార్డు లేనివాళ్లు ఎన్నికల ప్రచారానికి డబ్బు ఇవ్వడం అక్కడ నేరం. ఫండ్‌రైజర్ డిన్నర్‌కు టికెట్ కొనడం కూడా విరాళం కిందికే వస్తుంది. ‘అంకుల్ టేబుల్ బుక్ చేశారు, నా వాటా నేనిచ్చాను’ అంటే కుదరదు. జీతం లేకుండా వాలంటీర్‌గా ఫోన్లు చేయొచ్చు, కానీ ఎవరికి ఎంత ఖర్చు పెట్టాలనే నిర్ణయాల్లో తలదూర్చకూడదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఇంటర్న్‌షిప్ అన్న మాట వినిపించగానే, జీతం ఉన్నా లేకపోయినా, ముందు యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసును అడగాలి.

మళ్లీ మన ఎమ్మెల్యేల దగ్గరికి వస్తే, అసలు ఖాళీ ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఢిల్లీకి యాభై మంది వెళ్లడం కాదు, కర్నూలులో, కరీంనగర్‌లో ఇంటి దగ్గరే ఉండి చేయగల పని ఇది. బడ్జెట్ పద్దులు చదివి తమ నియోజకవర్గానికి ఏం వచ్చిందో చెప్పేవాడు ఎమ్మెల్యే దగ్గర ఉండడు. సీఎం సహాయనిధి దరఖాస్తులు రాసేవాళ్లు మాత్రం నలుగురుంటారు. ఢిల్లీ అసెంబ్లీ 2019లో పరిశోధనా కేంద్రం పెట్టి ఫెలోలను తీసుకుంది. నియామకాలకు లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదం లేదని, రిజర్వేషన్లు పాటించలేదని 2023 జులైలో వంద మందికి పైగా ఇంటికి పంపించారు. అక్కడి రాజకీయ పోరు సంగతి అలా ఉంచితే, చట్టం మద్దతు లేకుండా ఉత్తర్వు మీద కట్టిన పథకం ఎంత తేలిగ్గా కూలుతుందో అర్థమవుతుంది.

ఖర్చు లెక్క వేసి చూశాను. ఒక్కో ఎమ్మెల్యేకు నెలకు 25,000 స్టైపెండ్‌తో ఒక సహాయకుడిని ఇస్తే ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి ఏడాదికి 5.25 కోట్లు, తెలంగాణలో 119 మందికి 3.57 కోట్లు. రాష్ట్ర బడ్జెట్లలో ఇది కంటికి కనిపించని అంకె. ఎంపికను మాత్రం ఎమ్మెల్యే చేతిలో పెట్టకూడదు, పెడితే మేనల్లుడికి వస్తుంది. అసెంబ్లీ సచివాలయం పరీక్ష పెట్టి, రిజర్వేషన్లు పాటించి, సొంత జిల్లాకు పంపాలి. పార్టీ పని చేయించకూడదని నిబంధనల్లో రాయాలి.

అది వచ్చేదాకా ఆగలేనివాళ్లు ఒక పని చేయొచ్చు. అసెంబ్లీ సమావేశాల తేదీలు రాగానే, మీ మండలంలోని ఒకే ఒక సమస్య మీద ఒక పేజీ నోట్ తెలుగులో రాయండి. ఏ పద్దు కింద ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఏ అధికారి దగ్గర ఆగింది, మంత్రిని అడగాల్సిన రెండు ప్రశ్నలు ఏమిటి. సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకున్న కాగితం ఉంటే జత చేయండి. దాన్ని ఎమ్మెల్యేకు ఇవ్వాలని గంటలు గంటలు కాచుక్కూర్చోవద్దు, పీఏ చేతికి ఇచ్చి రండి. అదే కాపీ ప్రతిపక్ష పార్టీ స్థానిక నాయకుడికీ ఇవ్వండి. ఇద్దరిలో ఎవరు ముందు ఫోన్ చేస్తారో చూసి, అప్పుడు అడగండి ఇంటర్న్‌షిప్ గురించి.